వించి గట్టు మీద పిన్ను పాఠం

మాచ్‌ఖండ్ కాలనీలో మా బ్యాంకు తలుపు మీద కాగితం అంటించిన రోజు నాకు ఉదయం షిఫ్టు. మా పవర్ హౌస్ లోయ అడుగున ఉంటుంది. కాలనీ నుంచి అక్కడికి దిగాలంటే ఉక్కుతాడు మీద నడిచే ట్రాలీ ఎక్కాలి. దాన్ని మేమంతా వించి అంటాం. మధ్యాహ్నం నేను పైకొచ్చేసరికి మా ఆవిడ వించి గది దగ్గర నిలబడి ఉంది. ఇరవయ్యేడేళ్ల కాపురంలో ఆమె అలా ఎదురు రావడం రెండోసారి. మొదటిసారి వచ్చింది మా నాన్న పోయారన్న కబురు చెప్పడానికి.

"ఏటే, ఏటయింది?" అన్నాను ట్రాలీ దిగుతూనే.

"బేంకు ఎత్తేస్తన్నారటండి. నెలాకరికి తలుపులేసేస్తారట. కాయితం అంటించేరు."

నాకు నవ్వొచ్చింది. "ఓస్, దానికా! జీతం జయపురం శాఖలో పడతాది. మనకేటి నష్టం?"

ఆమె నా వైపు అదోలా చూసింది. "మనకని ఎవులన్నారు?" అని ఇంటి దారి పట్టింది.

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. కాలేదని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు.

మా ఆవిడది శ్రీకాకుళం పక్క పల్లె. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. పెళ్లయి ఇక్కడికొచ్చాక, మా అమ్మాయి ఒడియా బడిలో చదువుతుంటే పక్కన కూర్చుని తనూ అక్షరాలు దిద్దింది. కూతురు పై తరగతులకి వెళ్లిపోయింది గాని తల్లి మాత్రం ఆ పాత వాచకాలు పారేయలేదు. లచ్చివారం ఒనకడిల్లి సంతలో కూరలు కొంటూ కొంటూ కొండవాళ్లు మాట్లాడే దేసియా కూడా పట్టేసింది. సంత అయ్యాక కొండ ఆడవాళ్లు కొందరు బ్యాంకుకి వచ్చేవారు. డబ్బు తీసే చీటీ రాయడం వాళ్లకి రాదు. కౌంటరు దగ్గర నిలబడితే గుమస్తా విసుక్కునేవాడు. ఒకసారి మా ఆవిడ ఎవరికో చీటీ రాసిపెట్టింది. తర్వాతి వారం నలుగురొచ్చారు. ఆ తర్వాత లచ్చివారం వచ్చిందంటే బ్యాంకు బెంచీ మీద ఆమె చోటు ఆమెకి ఉండేది. వాళ్లంతా ఆమెని నానీ అని పిలిచేవారు. దేసియాలో నానీ అంటే అక్క.

నాకది నచ్చేది కాదు. క్లబ్బులో ఎవరో, "మీ మిసెస్‌కి బ్యాంకులో ఉద్యోగమా?" అని నవ్వారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "ఆపరేటరు పెళ్లానివి. ఆ బెంచీ మీద కూకుని ఊరందరికీ సీటీలు రాయడమేటే? నా పరువేటి గావాల?" అని కసిరాను.

ఆమె బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. "మీ పరువు బెంచీ మీద కూకుంటే పోయేదా?" అంది. మళ్లీ వారం యథాప్రకారం వెళ్లింది. నేను ఆ దారిన వెళ్లడం మానేశాను.

నెలాఖరున బ్యాంకు మూసేశారు. జనం తగ్గిపోయారు, లావాదేవీలు లేవు, అంతా ఫోన్లోనే అవుతోంది అని మేనేజరు చెప్పాడు. ఆయనా మంచివాడే, వెళ్లేముందు అందరికీ చేతులు జోడించాడు. కంప్యూటర్లు, ఇనప బీరువా లారీ ఎక్కాయి. బెంచీ మాత్రం వరండాలో వదిలేశారు.

మా కాలనీ వాళ్లం త్వరగానే సర్దుకున్నాం. రాయగడ రైల్వే ఆఫీసులో పనిచేసే మా అమ్మాయి సెలవుకి వచ్చి, నా ఫోన్లోనూ వాళ్లమ్మ ఫోన్లోనూ డబ్బు పంపే యాప్ పెట్టింది. ముప్పై ఏళ్లు టర్బైన్ల మధ్య తిరిగిన మనిషిని. బేరింగు మోత విని ఎక్కడ తేడా ఉందో చెప్పేవాణ్ని. అలాంటిది కిరాణా కొట్లో డబ్బు కట్టే గళ్ల బొమ్మ ముందు ఫోను పట్టుకుంటే ఏది నొక్కాలో తెలిసేది కాదు. మా ఆవిడ రెండు రోజుల్లో నేర్చేసుకుంది. కరెంటు బిల్లు, గ్యాసు, పాలవాడు, అన్నీ తనే. ప్రతిసారీ బ్యాంకు నుంచి వచ్చే సందేశం ఓపిగ్గా చదివేది. ఇంగ్లీషు రాదు గాని డబ్బు వెళ్లిందంటే ఏ మాట వస్తుందో, వచ్చిందంటే ఏ మాట వస్తుందో బొమ్మ గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేది.

కొండవాళ్ల సంగతి వేరు. వాళ్ల కోసం సంతలో ఒక మనిషి బల్ల వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. చేతిలో ఇమిడే చిన్న యంత్రం. దాని మీద వేలిముద్ర వేస్తే ఖాతాలోంచి డబ్బు ఇస్తాడు. ఎవరో ఏజెంటు కింద పనిచేసేవాడు. నడివయసు మనిషి, నవ్వుతూ మాట్లాడేవాడు. ఇది బాగానే ఉంది, ఇక మా ఆవిడ ఇంటిపట్టున ఉంటుంది అనుకున్నాను.

ఒక లచ్చివారం నాకు వారపు సెలవు. వీధి గుమ్మంలో కూర్చుని ఉంటే ఒక ముసలామె మెట్ల దగ్గరికి వచ్చి కూలబడింది. మెడనిండా పూసలు, భుజాన ఖాళీ బుట్ట. అంచులు అరిగిన చిన్న బటన్ల ఫోను కొంగున కట్టుకుని ఉంది. అల్లం అమ్మే ఆమె అని మా ఆవిడ చెబితే తెలిసింది. మహిళా సంఘం వాళ్లు అమ్మిపెట్టిన అల్లం డబ్బు ఖాతాలో పడిందట. యంత్రం మనిషి మూడుసార్లు వేలు పెట్టించి, "పడలేదు, నీ వేలు అరిగిపోయింది, వచ్చే వారం రా," అని పంపేశాడట. రెండు గంటలు నడిచొచ్చిన మనిషి. పోయిన వారం కూడా ఇదే మాట.

మా ఆవిడ ఆమెకి మంచినీళ్లిచ్చి, ఫోను తీసుకుని సందేశాలు చూసింది. చూస్తూ చూస్తూ అలాగే నిలబడిపోయింది. "ఏటండి, ఇటు రండి. ఇది సదవండి," అంది.

చదివాను. ఆ ఉదయం ఒకసారి, పోయిన వారం ఒకసారి ఖాతాలోంచి డబ్బు వెళ్లిపోయినట్టు ఉంది. వేలు అరిగిపోలేదు. ముద్ర పడింది, డబ్బు మాత్రం ముసలామె చేతికి రాలేదు.

మా ఆవిడ చెప్పులేసుకుంది. నేను లేచి అడ్డం వెళ్లాను. "ఆగవే. ఆడెవుడో, ఆడి ఎనకాల ఎవులున్నారో. మనం పరాయి ఊరోళ్లం. మనకెందుకు?"

"ఇరవయ్యేడేళ్లయి ఈ నీళ్లు తాగుతన్నాం. ఇంకా పరాయోళ్లమేటి?" అంది. ముసలామె చెయ్యి పట్టుకుని సంతకి నడిచింది. నేను వెనకే వెళ్లాను, ధైర్యంతో కాదు, ఆమెని ఒక్కదాన్నీ పంపలేక.

ఆమె గొంతెత్తలేదు. యంత్రం బల్ల ముందు నిలబడి, ఫోను చూపించి, దేసియాలో అడిగింది. ముద్ర పడితే యంత్రంలోంచి చీటీ వస్తుంది కదా, ఆ చీటీ ఏది అంది. అతను సర్వరు అన్నాడు, నెట్టు అన్నాడు. ఆమె వినిపించుకోకుండా, "చీటీ ఏది?" అని మళ్లీ అదే అడిగింది. చుట్టూ ఆడవాళ్లు పోగయ్యారు. పసుపు అమ్మే ఒకామె తన ఫోను కూడా ముందుకి చాపి, నాది కూడా చూడు నానీ అంది. అప్పటికి అతని నవ్వు పోయింది. "పొరపాటు జరిగింది, సర్దేస్తాను," అంటూ, పసుపు ఆమెకి వచ్చే వారం ఇస్తానని, ముసలామె డబ్బు మాత్రం అక్కడే లెక్కపెట్టి ఇచ్చేశాడు. మా ఆవిడ అది ముసలామె చేతనే మళ్లీ లెక్కపెట్టించింది.

దారిలో నేను, "అమ్మయ్య, అయిపోయింది," అన్నాను.

"ఏటి అయిపోయింది? ఇప్పుడు నాను సదివేను. రేపు నాను లేకపోతే ఎవులు సదువుతారు?" అంది.

అలా మొదలైంది పాఠం. మా కాలనీలో ఫోను సిగ్నలు బాగా దొరికే చోటు ఒక్కటే, వించి గది పక్కనున్న సిమెంటు గట్టు. లచ్చివారం సంత అయ్యాక ఆడవాళ్లని అక్కడికి రమ్మంది. మొదటి వారం ముగ్గురొచ్చారు. డబ్బు వెళ్లిన సందేశం, వచ్చిన సందేశం కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, రెండింటికీ తేడా చూపించింది. తర్వాత అంకెలు నేర్పింది. సంతలో నోట్లు గుర్తుపట్టే మనుషులకి అంకెలు ఎంతసేపు!

అసలు కష్టం పిన్నుతో వచ్చింది. ఖాతా తెరిచినప్పుడు బ్యాంకు వాళ్లు ఇచ్చిన కార్డులు అందరి ఇళ్లలోనూ రేకు డబ్బాల్లో మూలుగుతున్నాయి. వేలిముద్ర మీద ఆధారపడకుండా అదే యంత్రంలో కార్డు పెట్టి పిన్ను కొడితే మోసం చేయడం అంత తేలిక కాదని మా అమ్మాయి ఫోన్లో చెప్పింది. కానీ నాలుగంకెల రహస్యం ఎలా నేర్పాలి? కాగితం మీద రాసుకుంటే ప్రమాదం. పైకి చెప్పి వల్లె వేస్తే అందరికీ తెలిసిపోతుంది. మా ఆవిడ రెండు రోజులు ఆలోచించి, సుద్దముక్కతో గట్టు మీద యంత్రం బటన్లు గీసింది. పైన మూడు గళ్లు, దాని కింద మూడు, ఆ కింద మూడు, అడుగున సున్నా. "అంకె గుర్తెట్టుకోవద్దు. నీ ఏలు ఎటు నడిసి ఎటు ఎల్తాదో ఆ దారి గుర్తెట్టుకో," అని వాళ్ల భాషలో చెప్పింది. ఇంటి నుంచి ఏటికి, ఏటి నుంచి పొలానికి నడిచినట్టు. ఒక్కొక్కరు గట్టు మీద వేలితో తమ దారి నడుస్తుంటే మిగతావాళ్లు లోయ వైపు తిరిగి కూర్చునేవారు. మా ఆవిడ కూడా తిరిగి కూర్చునేది.

నేను మధ్యాహ్నం షిఫ్టుకి కిందికి దిగడానికి వెళ్తూ ఆ దృశ్యం చూశాను. పాతికమంది ఆడవాళ్లు మాకు వీపులు చూపించి కూర్చున్నారు. ఒక్క పసుపు ఆమె గట్టు మీద వంగి, పెదాలు బిగించి వేలు కదుపుతోంది. వించి ఆపరేటరు నా వైపు చూసి, "మీ ఇంటావిడ ఇస్కూలు పెట్టేసేరు గురువుగారూ," అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. కిందికి దిగుతున్నంతసేపూ నాకు ఆ మాటే వినిపిస్తూ ఉంది.

తర్వాత ఆమె పదకొండు మందిని వెంటబెట్టుకుని బస్సులో జయపురం వెళ్లింది. ఏటీఎంలో ఒక్కొక్కరి చేతా పిన్ను పెట్టించింది. పొద్దున్నే వెళ్లిన వాళ్లు చీకటి పడుతుంటే వచ్చారు. ముసలామె బస్సు దిగుతూనే నన్ను చూసి కార్డు ఊపింది, ఓటేసొచ్చిన మనిషి వేలు చూపించినట్టు.

రెండు నెలలు గడిచాక ఇబ్బంది వచ్చిపడింది. యంత్రం మనిషి బ్యాంకుకి ఫిర్యాదు రాశాడు. పవర్ హౌస్ ఉద్యోగి భార్య కొండ ఆడవాళ్ల కార్డులు, పిన్నులు తన దగ్గర పెట్టుకుని వాళ్ల డబ్బు వాడుకుంటోందని. జయపురం నుంచి ఒక అధికారి విచారణకి వస్తున్నాడని కబురొచ్చింది. మా ఆఫీసుకి కూడా ఒక కాపీ వెళ్లింది. మా ఇంజినీరు పిలిచి, "ఇంట్లో చెప్పుకోండి, మనకి ఇవన్నీ అవసరమా?" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పాను. ఆమె మొహం తెల్లబోయింది. ఆమె భయపడటం నేను చూడటం అరుదు. నా ఎదురుగా కూర్చుని అడిగింది, "మీ ఉద్యోగానికి ఏటైనా అవుతాదా?"

అవుతుందేమోనని నాకూ లోపల ఉంది. కానీ ఆ మొహం చూశాక వేరే మాట వచ్చింది. "అయితే అవనీ. నువ్వు తప్పు సెయ్యలేదు. రేపు నాను సెలవెడతాను, నీ పక్కనే ఉంటాను."

నా జీవితంలో నేను సరిగ్గా అన్న మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అది ఒకటి.

అధికారి మూసేసిన బ్యాంకు వరండాలోనే కూర్చున్నాడు. ఒడియా మనిషి, మర్యాదస్తుడే గాని కలం పట్టుకున్న తీరు చూస్తే ముందే తేల్చుకుని వచ్చినట్టు అనిపించింది. యంత్రం మనిషి కూడా వచ్చి ఓ పక్క నిలబడ్డాడు. సంత మధ్యలో వదిలేసి ఆడవాళ్లు ముప్పైమంది దాకా వచ్చారు. ఎవరు కబురు చేశారో నాకిప్పటికీ తెలీదు, మా ఆవిడ మాత్రం చేయలేదు.

"వీళ్ల పిన్నులు మీ దగ్గర రాసి ఉన్నాయా?" అన్నాడు అధికారి.

"లేవు సార్. నాకు ఒక్కరిది కూడా తెలీదు," అంది మా ఆవిడ ఒడియాలో.

"చదువు రాని వాళ్లు మీ సాయం లేకుండా పిన్ను ఎలా కొడతారు?"

ఆమె జవాబు చెప్పేలోపు అల్లం ముసలామె ముందుకొచ్చింది. కార్డు తీసి బల్ల మీద పెట్టింది. అధికారి తనతో తెచ్చిన యంత్రం ఆన్ చేసి, కార్డు దూర్చి, కలం కాగితం మీద ఆనించి, "సరే అమ్మా, నీ నంబరు చెప్పు, నేను కొడతాను," అన్నాడు.

ముసలామె యంత్రాన్ని తన వైపు లాక్కుని రెండో అరచేత్తో కప్పేసింది. అధికారిని పైనుంచి కిందికి చూసి దేసియాలో గట్టిగా అంది:

"నానీకే చెప్పలేదు. నీకు చెబుతానా? మొహం అటు తిప్పు."

అధికారి కలం పక్కన పెట్టి, కుర్చీలోనే పూర్తిగా పక్కకి తిరిగి కూర్చున్నాడు. నాలుగు బటన్ల చప్పుడు. యంత్రంలోంచి చీటీ వచ్చింది. ముసలామె దాన్ని చించి, కింద ఉన్న అంకె చూసి, తన ఫోను మోగేదాకా ఆగి, సందేశం కూడా చూసుకుంది. అప్పుడు డబ్బు కోసం చెయ్యి చాపింది.

అధికారి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత మరో ఐదుగురి చేత చేయించాడు. ఐదుగురూ ఆయన్ని మొహం తిప్పుకోమన్నారు. ఆ తర్వాత పసుపు ఆమె, యంత్రం మనిషి ఎగ్గొట్టిన డబ్బుల సంగతి తన ఫోనులోని సందేశంతో సహా ఆయన ముందు పెట్టింది. యంత్రం మనిషి కోసం చూస్తే అతను అక్కడ లేడు. ఆ వారంలోనే అతని యంత్రం లాగేసుకున్నారు. పసుపు ఆమెకి, మరో ఇద్దరికి పోయిన డబ్బు తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది గాని వచ్చింది.

అధికారి వెళ్తూ వెళ్తూ మా ఆవిడతో, "ఆ యంత్రం మీరే పెట్టుకుని కూర్చోకూడదా?" అన్నాడు. పరీక్ష ఉంటుంది, ముందు రాయగడలో మూడు రోజుల శిక్షణ ఉంటుంది అని చెప్పాడు. ఇంటికొచ్చాక మా ఆవిడ, "ఏభై ఏళ్లొచ్చేయి. ఇప్పుడు పరీచ్చలేటండి, నవ్వుతారు," అంది. ఈసారి పట్టుబట్టింది నేను.

కోరాపుట్‌లో రైలెక్కి రాయగడ వెళ్లాం. దారి పొడవునా సొరంగాలు. వెలుతురు వచ్చినప్పుడల్లా ఆమె పుస్తకం తెరిచేది, చీకటి పడగానే పెదాలతో వల్లె వేసేది. మా అమ్మాయి ఇంట్లో దిగాం. తల్లికి కూతురు పాఠం చెబుతుంటే నేను వంట చేశాను. మొదటి రోజు పప్పు మాడ్చాను, ఇద్దరూ ఒక్క మాట అనకుండా తిన్నారు.

శిక్షణలో అందరిలోకీ పెద్దది మా ఆవిడే. పరీక్ష కంప్యూటరు మీద, ఒడియాలో. మొదటిసారి తప్పింది. బయటికొచ్చి, "మౌసు సేతికి ఒంగలేదండి, పెస్నలన్నీ తెలిసినవే," అంది కళ్లనీళ్లతో. నెల తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి హాల్లోంచి వస్తూ గుమ్మం దగ్గరే నాకు చేత్తో సైగ చేసింది, పాసయ్యానని. బయట బజారులో జనం మధ్య నేను చప్పట్లు కొట్టాను. చూసినవాళ్లు చూశారు. అక్కడున్న ఒక రిక్షా అతను కూడా ఎందుకో నవ్వాడు.

ఇప్పుడు మూడేళ్లవుతోంది. వారంలో నాలుగు రోజులు మూసేసిన బ్యాంకు వరండాలోనూ, లచ్చివారం సంతలోనూ ఆమె బల్ల ఉంటుంది. వానల్లో సిగ్నలు పోతుంది. అప్పుడు జనం గొణుగుతారు, ఆమె కూడా విసుక్కుంటుంది. శాఖ ఉన్న రోజుల్లో ఈ బాధ లేదని నాతో అంటూనే ఉంటుంది. అది నిజమే. పెద్ద మొత్తాలకీ, అప్పు కాగితాలకీ ఇప్పటికీ జయపురం బస్సు ఎక్కాల్సిందే.

పోయిన నెల సంతలో ఆమె బల్ల ముందు వరుసలో నిలబడ్డాను. నా ముందు మా ఇంజినీరు, ఆ రోజు నన్ను పిలిచి హెచ్చరించినాయనే. కార్డు బల్ల మీద పడేసి, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూనే, పిన్ను నంబరు పైకి చెప్పేసి, "కొట్టేయండమ్మా," అన్నాడు.

ఆమె కార్డు తీసి ఆయన చేతికి తిరిగిచ్చేసింది.

"తవరి నంబరు అందరూ ఇనీసేరు సార్. మార్సుకుని రండి. అప్పుడిస్తాను."

ఆయన ఫోను చెవి దగ్గర నుంచి దించి, ఆమె వైపు, వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. పాత రోజుల్లో అయితే నేను సర్దిచెప్పబోయేవాణ్ని. ఆ రోజు ఆయన వెళ్లడానికి దారిచ్చి పక్కకి జరిగాను. ఆయన పక్కకి వెళ్లి, చింతపండు బస్తాల దగ్గర నిలబడి, ఫోన్లో పిన్ను మార్చుకుని వచ్చి వరుసలో నా వెనకాల నిలబడ్డాడు.